ఎండలో తెల్లబడే ప్రాణి

ఇక్కడ ఎవరితోనైనా కొత్తగా పరిచయం అయితే ఐదు నిమిషాల్లో వచ్చే ప్రశ్న, మీకు పెట్స్ ఉన్నాయా అని. మన దగ్గర "మీదేవూరు?" అని అడిగినట్టు. కుక్క అంటే ఫొటో చూపించమంటారు. పిల్లి అంటే నవ్వుతారు. "డెజర్ట్ ఇగ్వానా" అని నేననగానే మాత్రం కాసేపు మాటలుండవు. ఆ తర్వాత అందరూ అడిగేది ఒకటే, "కరుస్తుందా?"

నన్నింతవరకూ కరవలేదు. అరవదు. పిలిస్తే రాదు. అడుగుంపావు పొడవు, అందులో సగానికి పైగా తోకే. ఇసక రంగు ఒళ్లు, దాని మీద గోధుమరంగు వల పరిచినట్టు మచ్చలు, వీపు మధ్యలో మెడ నుంచి తోక దాకా చిన్న పొలుసుల వరస. మన పొలంగట్ల మీద తల ఊపుతూ కూర్చునే తొండకి అమెరికాలో సెటిలైన చుట్టం అనుకోండి. నిజానికి ఇక్కడికొచ్చి సెటిలవ్వాలని చూస్తున్నది నేను. దానికిది సొంతూరు. అమెరికా నైరుతి మూల నుంచి మెక్సికో దాకా పరుచుకున్న మొహావీ, సొనోరా ఎడారుల్లో పుట్టి పెరిగే జాతి. 1850ల్లో శాస్త్రవేత్తలు డిప్సోసారస్ డోర్సాలిస్ అని పేరు పెట్టారు. అందులో మొదటి మాటకి గ్రీకు ప్రకారం దాహపు బల్లి అని అర్థం. నాకైతే అది నీళ్లు తాగగా చూసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తినే ఆకుల్లో ఉన్న తడే దానికి చాలు.

మాది పల్నాడు, రెంటచింతల పక్కన పల్లె. మే నెలలో టీవీ వాళ్లు ఎండల లెక్క చెప్పేటప్పుడు మా పేరు వినపడకపోతే మాకు కొంచెం చిన్నతనంగా ఉంటుంది. గుంటూరు దగ్గర ఇంజినీరింగ్, హైదరాబాదులో నాలుగేళ్లు ఉద్యోగం, 2022 చివర్లో హెచ్‌1బి మీద అరిజోనాలోని చాండ్లర్. "అమెరికా అంటే మంచు పడుద్ది అనుకున్నా. మళ్లీ ఎండలోకే పోయావా?" అంది అమ్మ.

మా అపార్ట్‌మెంట్‌లో కింద ఫ్లోరులో ఒక పెద్దాయన ఉండేవాడు. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. మెట్ల దగ్గర కనిపిస్తే పలకరించుకునేవాళ్లం. 2023 మే నెలలో ఆయన కూతురు దగ్గరికి వెళ్లిపోతూ, అద్దాల పెట్టె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. మనవడు కాలేజీకి వెళుతూ వదిలేసిందట. కూతురి ఇంట్లో రెండు పిల్లులు. "నువ్వు కూడా ఎండ దేశం నుంచే కదా వచ్చావు" అన్నాడు. ఆ లాజిక్కు నాకు నచ్చింది.

పెట్టెలో ఒక ముప్పావు అంగుళం ఇసక, ఒక చిన్న బల్బు, వాడిపోయిన లెట్యూస్ ఆకు. ఆ మూలన అది. బొమ్మలా ఉంది. కళ్లు మాత్రం కదులుతున్నాయి.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను.

"ఏందే అది? తొండా?"

"తొండ కాదమ్మా, ఇగ్వానా."

"తొండకి ఇంగ్లీషులో ఏం పేరు పెడితే ఏంది. ఇంట్లో బల్లి మీద పడితేనే తలస్నానం చేస్తామే మనం. పంచాంగంలో ఏ భుజం మీద పడితే ఏం ఫలమో రాసుంటది. తొండకి రాసుండదు. అది పడితే ఏం చెయ్యాలో ఎవుర్నడగాల?"

కంచి వెళ్లినప్పుడు బంగారు బల్లిని ముట్టుకున్నాను కదా, ఆ పుణ్యం ఇంకా మిగిలే ఉంటుందిలే అన్నాను. అమ్మ ఫోన్ పెట్టేసింది. కానీ మర్నాడు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "ఆ తొండయ్య ఏమన్నా తిన్నాడా?" పేరు అలా ఖాయమైపోయింది.

తొండయ్య తినలేదు. రెండు రోజులు చూసి, సరీసృపాలని చూసే డాక్టరు కోసం వెతికి, నలభై నిమిషాలు డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్లాను. కుక్కల డాక్టర్లు వీధికొకరు ఉంటారు, వీటిని చూసేవాళ్లు తక్కువ. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని వేలితో కింది దవడ మెల్లగా నొక్కి చూసింది. ఎముక ఉండాల్సిన చోట రబ్బరులా వంగింది. "దీనికి ఎండ లేదు" అంది.

ఫీనిక్స్ పక్కన ఉండి ఎండ లేకపోవడం ఏంటి అనుకుంటారు. ఎండలో మనకి పనికొచ్చేవి రెండు, వేడి, అతినీలలోహిత కిరణాలు. ఆ కిరణాల్లో యూవీబీ అనే భాగం చర్మానికి తగిలితేనే ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది. డి3 ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. లేకపోతే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం తీసి వాడుకుంటుంది. కిటికీ అద్దం వెలుతురునీ వేడినీ వదులుతుంది కానీ యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. ఆ పెట్టె ఏళ్ల తరబడి కిటికీ పక్కనే ఉంది. చూసేవాళ్లకి ఎండలో ఉన్నట్టే ఉంటుంది. ఎముకలు మాత్రం కరిగిపోతున్నాయి. పెద్దాయన్ని అనడానికి లేదు. ఆయన రోజూ ఆకులు వేశాడు, మాట్లాడాడు కూడా.

180 డాలర్ల బిల్లు కట్టి, కాల్షియం సీసా పట్టుకుని కారులో కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి. మొత్తం విని అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. "నా జబ్బేగా అది" అంది.

ఔను. ఆ మాట నాకు తట్టనే లేదు. అమ్మకి ఏడాదిగా మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పి. నరసరావుపేట తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే డి విటమిన్ అడుక్కి పడిపోయి ఉంది. వారానికొకటి 60,000 యూనిట్ల గోళీ రాశారు. రెంటచింతల ఎండలో పుట్టి పెరిగిన మనిషి! నాన్న పోయాక పొలం కౌలుకిచ్చేశాం. అమ్మ పొద్దున తలుపు తీసి, వాకిలి ఊడ్చి, ఎండెక్కకముందే లోపలికెళ్లి, మళ్లీ ఎండ తగ్గాకే బయటికి వస్తుంది. మధ్యలో టీవీ, కిటికీ పక్కన మంచం.

ఆ రోజు నుంచి మా ఫోన్లలో ఒక కొత్త వరస మొదలైంది. ఇక్కడ పొద్దున తొమ్మిదికి నేను కాల్ చేస్తే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. అరిజోనాలో గడియారాలు ముందుకీ వెనక్కీ జరపరు కాబట్టి ఏడాదంతా అదే లెక్క. "తొండయ్య ఎండలో కూర్చున్నాడా?" అని అమ్మ. "నువ్వు కూర్చున్నావా?" అని నేను. మొదట్లో కూర్చున్నానని అబద్ధం చెప్పేది. గొంతులో తెలిసిపోయేది.

ఇక తొండయ్య ఇల్లు కట్టడం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పెట్టె కొన్నాను. జానెడు లోతు ఇసక, తవ్వితే గుంట నిలబడేలా కొంచెం మట్టి కలిపి. ఒక చివర పైన రెండు బల్బులు, వాటి కింద నల్లటి రాయి. పొడవునా యూవీబీ ట్యూబు, మధ్యలో అద్దం అడ్డం లేకుండా. ఆ రాయి మీద వేడి 50 డిగ్రీల దాకా ఉండాలి. రెండో చివర 28 ఉండాలి. రాత్రి లైట్లన్నీ ఆగిపోయి మొత్తం చల్లబడాలి. వేడి చూడటానికి తుపాకీ లాంటి థర్మామీటరు ఒకటి. పొద్దున్నే కాఫీ కంటే ముందు దాన్ని రాయి మీద గురిపెట్టడం అలవాటైపోయింది.

దీన్ని పెంచడం అంటే నిజానికి ఇదే. కుక్కని నిమురుతాం, పిల్లిని ఒళ్లో పెట్టుకుంటాం. దీన్ని పట్టుకుంటే దానికి చిరాకు. దానికి మనం ఇవ్వగలిగింది ఒక పక్క మంట, ఒక పక్క నీడ. ఎంతసేపు ఎక్కడ ఉండాలో అది చూసుకుంటుంది. పొద్దున లేవగానే ముదురు బూడిద రంగులో ఉంటుంది, వేడి తొందరగా పట్టడానికి. ఒళ్లు కాగేకొద్దీ రంగు పలచబడుతుంది. మధ్యాహ్నానికి సున్నం వేసినట్టు తెల్లగా అయిపోయి, ఎక్కువైన వేడిని విసిరి కొడుతుంది. ఇది అమ్మకి చూపించిన రోజు భలే నవ్వొచ్చింది. చిన్నప్పటి నుంచి "ఎండలో తిరిగితే నల్లబడతావే, రేపు ఎవురు చేసుకుంటారు" అని నన్ను తిట్టిన మనిషి. "ఇదేందే, ఎండలో తెల్లబడుద్ది! తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటే ఇదేనేమో" అంది.

ఆ వేసవిలోనే ఫీనిక్స్ రికార్డు కొట్టింది. జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరసగా 31 రోజులు రోజూ 110 ఫారెన్‌హీట్ పైనే, అంటే మన లెక్కలో 43 పైన. బయట అంత వేడి. దాన్ని లోపలికి రానివ్వకుండా ఏసీకి కరెంటు బిల్లు. లోపల తొండయ్య కోసం ఎండ తయారు చేయడానికి బల్బులకి ఇంకో బిల్లు. పెట్టెని బాల్కనీలో పెట్టేయొచ్చుగా అని మా టీంలో ఒకతను అన్నాడు. ఎండలో పెట్టిన అద్దాల పెట్టె పొయ్యి అవుతుంది. అడవిలో తిరిగే ఇగ్వానాలు కూడా నడినెత్తి ఎండలో ఇసక మీద ఉండవు. బొరియలోకి దూరతాయి, లేదా పొదలెక్కి గాలికి కూర్చుంటాయి. ఎండని తట్టుకోవడంలో సగం నీడ ఎక్కడుందో తెలియడమే. మా ఊళ్లో ఏ కూలీనడిగినా ఈ మాటే చెబుతారు.

తిండి సంగతి చెప్పాలి. ఎడారిలో వీటికి ప్రాణమైన తిండి క్రియోసోట్ పొద పూలు, పసుప్పచ్చగా ఉంటాయి. ఇక్కడ వానపడినప్పుడు వచ్చే వాసన ఆ పొదదే. మన మట్టివాసన కాదు, కొంచెం మందు వాసనలా ఉంటుంది, కానీ అలవాటైతే వదల్లేం. ఇంట్లో ఆవాకు, డాండెలయన్ ఆకులు, మందార పూలు వేస్తాను. మందార పువ్వు అందిస్తే తొండయ్య మెడ చాచి, ఒక్కో రెక్కా లాగి తింటాడు. పాలకూర వద్దంది డాక్టరమ్మ, అందులో ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టిపడేస్తాయట. ఇంకొకటి నాగజెముడు. మా ఊళ్లో చేలకి కంచె అది, మేకలు కూడా దూరం నుంచే చూసేవి. ఇక్కడ మెక్సికన్ దుకాణాల్లో ముళ్లు చెక్కేసి కూరగాయల మధ్య పెట్టి అమ్ముతారు. దాని పుట్టిల్లే ఈ ఖండమని ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఆకుల్లోంచి వచ్చిన అదనపు ఉప్పుని తొండయ్య ముక్కులోంచి తుమ్ముతాడు. అద్దం మీద తెల్లటి చుక్కలు పడతాయి, రెండ్రోజులకోసారి తుడవాలి. మొదటిసారి చూసినప్పుడు జలుబనుకున్నాను. ముక్కులో ఉప్పు గ్రంథులుంటాయని డాక్టరమ్మ చెప్పింది.

దవడ గట్టిపడటానికి ఐదు నెలలు పట్టింది. మధ్యలో ఆగస్టులో నోట్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఇంజెక్షన్లు ఇచ్చి డాక్టరమ్మ ఒక మాట చెప్పింది, "రాయి మీద వేడి తగ్గకుండా చూడు, మిగతాది అది చూసుకుంటుంది." ఆ నాలుగు రోజులూ తొండయ్య మామూలు కంటే ఎక్కువసేపు రాయి మీదే ఉన్నాడు. ఎందుకో వెతికితే, ఈ జాతి మీదే జరిగిన ఒక పాత పరిశోధన దొరికింది. 1970ల్లో మిషిగన్ యూనివర్సిటీలో మాథ్యూ క్లుగర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు డెజర్ట్ ఇగ్వానాలకి బ్యాక్టీరియా ఎక్కించి, వేడి, చల్లదనం రెండూ ఉన్న చోట వదిలారు. వీటి ఒంట్లో మనలాగా వేడి దానంతటది పుట్టదు. అవి వేడి చోటు వెతుక్కుని వెళ్లి ఒంటి వేడిని రెండు డిగ్రీల దాకా పెంచుకున్నాయి. అంటే జ్వరాన్ని నడిచి వెళ్లి తెచ్చుకున్నాయి. 1975లో ఇంకో ప్రయోగం అచ్చయింది. ఇన్ఫెక్షన్ ఉన్నవాటిని వేర్వేరు వేడిలో ఉంచితే, చల్లటి చోట ఉన్నవి ఎక్కువగా చనిపోయాయి, 42 డిగ్రీల్లో ఉన్నవి ఎక్కువగా బతికాయి. ఆ తర్వాత జ్వరం తగ్గించే మందు ఇచ్చి కూడా చూశారు. మందుకి జ్వరం ఆగిపోయినవి చనిపోయాయి. జ్వరం జబ్బు కాదు, జబ్బుతో పోట్లాట అని డాక్టర్లు ఆలోచించడానికి ఈ బల్లులు ఒక పెద్ద సాక్ష్యం అయ్యాయి. (అలాగని మీరు డోలో మానేయకండి. మనం ఇగ్వానాలం కాదు.)

ఐదో రోజు పొద్దున తొండయ్య రాయి దిగి, ఆకుల గిన్నె దగ్గరికి నడిచి, ముందరి కాళ్ల మీద లేచి దండీలు తీసినట్టు నాలుగుసార్లు ఊగాడు. ఆ జాతిలో అది "ఇది నా చోటు" అని చెప్పడం. వీడియో తీసి అమ్మకి పంపాను. ఊళ్లో అందరికీ చూపించిందట.

2024 సెప్టెంబరులో నా ఉద్యోగం పోయింది. పొద్దున తొమ్మిదికి మీటింగ్, తొమ్మిదీ ఇరవైకి లాప్‌టాప్ లాక్. హెచ్‌1బి మీద ఉన్నవాళ్లకి తెలుసు, ఉద్యోగం ఆగిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా ఇంకేదైనా దారి వెతుక్కోవాలి, లేదా సామాను సర్దుకోవాలి.

అమ్మ ఏడవలేదు. "వచ్చెయ్. అన్నం లేకుండా ఉండం" అంది. తర్వాత, "తొండయ్యనేం జేస్తావు?"

ఇండియాకి లగేజీతో పాటు తీసుకెళ్లే పెంపుడు జంతువులంటే రూల్స్‌లో కుక్క, పిల్లి. అంతే. స్నేహితులు ఎక్కువమంది చెప్పిన సలహా, "ఎడారిలో వదిలెయ్, దాని ఇల్లేగా". ముప్పై మైళ్లు వెళితే క్రియోసోట్ పొదలు కనుచూపు మేర. వినడానికి ఎంత బావుంటుందో! కానీ పెట్టెలో పెరిగిన ప్రాణిని అలా వదలడం ఇక్కడి చట్టం ఒప్పుకోదు. చట్టం పక్కన పెట్టినా, మనుషుల ఇళ్లలో అంటుకున్న రోగాలు అక్కడి వాటికి అంటుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం దూరడానికి దానికొక బొరియ ఉండదు. గద్ద నీడ పడితే పరిగెత్తాలని తొండయ్యకి తెలుసో లేదో. పుట్టిన చోటే అయినంత మాత్రాన బతికే చోటు అయిపోదు. ఆ వారం ఈ మాట నా గురించి కూడా చాలాసార్లు అనుకున్నాను. రెజ్యూమె తీసుకుని హైదరాబాదు వెళితే ఏమవుతుందోనని.

సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా వెళ్లిపోయేటప్పుడు కేటీ ఇవ్వాలి. వాళ్లకి తెలిసిందంతా వెనకవాళ్లకి అప్పజెప్పాలి. ఆఫీసులో నా పనికి ఎవరూ కేటీ అడగలేదు. తొండయ్యకి రాశాను. ఇంటర్వ్యూల మధ్య కూర్చుని, ఏడు పేజీలు. రాయి ఎంత కాగాలి, ట్యూబు వెలుగుతున్నట్టే ఉన్నా అందులో యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికోసారి ఎందుకు మార్చాలి, ఏ ఆకులు వద్దు. అక్టోబరు నుంచి తిండి తగ్గిస్తాడు, ఇసకలో కూరుకుపోయి రోజుల తరబడి కనపడడు, అది జబ్బు కాదు చలికాలపు నిద్ర, తవ్వి లేపొద్దు. ఈ జాతి పదేళ్ల పైన కూడా బతుకుతుంది కాబట్టి ఆలోచించుకుని తీసుకోండి. ఈ చివరి వాక్యం రాసి చాలాసేపు కూర్చున్నాను. నాకు దేశంలో 60 రోజుల గ్యారంటీ, దానికి పదేళ్ల ఆయుష్షు.

అదే కాంప్లెక్స్‌లో కర్నూలు అక్క ఒకామె ఉంటుంది. వాళ్లబ్బాయికి పదేళ్లు. తొండయ్యని చూడటానికి అప్పుడప్పుడూ వచ్చేవాడు. నేను వెళ్లిపోవచ్చని తెలిసి, "నేను పెంచుతా ఆంటీ" అన్నాడు. అక్క మొహం చూడాలి! "డిసెంబర్లో మా అత్తగారొస్తున్నారమ్మా. బల్లి చప్పుడు వింటేనే కృష్ణ కృష్ణ అనుకునే మనిషి" అంది. అయినా కాదనలేదు. వాడు ఏడు పేజీలూ ప్రింటు తీయించుకుని, రోజూ సాయంత్రం వచ్చి నా పక్కన నిలబడి చేయడం మొదలుపెట్టాడు. థర్మామీటరు గురిపెట్టడం, కాల్షియం పొడి చల్లడం, అద్దం తుడవడం. వాళ్ల గదిలో పుస్తకాల అర ఖాళీ చేసి టేపుతో కొలతలు కూడా వేసుకున్నాడు.

49వ రోజున ఆఫర్ వచ్చింది. 54వ రోజున పిటిషన్ వేశారు.

నేను అమ్మకి చెప్పిన ఉత్సాహంతోనే అక్క వాళ్లింటికి వెళ్లి చెప్పాను. అక్క కౌగిలించుకుంది. వాడు మాత్రం "కంగ్రాట్స్ ఆంటీ" అని లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. అక్క ఆ తలుపు వైపు చూసి, నా వైపు చూసి, టీ పెట్టింది. ఆ టీ తాగడం నాకు కష్టమైంది. వాడి అర ఇప్పటికీ ఖాళీగానే ఉంచుకున్నాడట. శనివారాలు వస్తాడు. కేటీ కాగితాల మార్జిన్లలో పెన్సిల్‌తో వాడి సొంత నోట్సు రాశాడు. అందులో నాకు తెలియని సంగతి ఒకటుంది, తొండయ్య పసుపు మందారం ముందు తిని ఎర్రటిది తర్వాత తింటాడట. నేను వారం రోజులు చూశాను. నిజమే.

ఇప్పుడు జనవరి. తొండయ్య ఇసక కింద ఉన్నాడు. పదిహేను రోజులుగా ఒక్కసారే పైకొచ్చాడు. అమ్మ ఇప్పుడు పొద్దున పదిన్నరకి డాబా మీద కుర్చీ వేసుకుని, అక్కడి నుంచే వీడియో కాల్ చేస్తుంది, నిజంగానే ఎండలో ఉన్నానని చూపించడానికి. ఇక్కడ రాత్రి పది. మొన్న రక్తపరీక్షలో డి విటమిన్ ఫరవాలేదన్నారు, మోకాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. విజిటర్ వీసా వస్తే ఏప్రిల్‌లో వస్తానంటోంది.

"అప్పటికి లేస్తాడా వాడు?"

"మార్చికే లేస్తాడమ్మా. ఇక్కడ పూలు కూడా అప్పుడే."

"మునగాకు పొడి కొట్టి తెస్తా. ఎముకలకి మంచిది. వాడు తింటాడా?"

డాక్టరమ్మని అడిగి చెబుతానన్నాను.